చెక్కు తిరిగొచ్చింది, పోలీసులు సివిల్ అంటున్నారు. ఏ దారిలో వెళ్ళాలి?

ఆటోనగర్ అబ్బాయి (మార్చి 26, రాత్రి)

అందరికీ నమస్కారం. విజయవాడలో నాన్నగారు, నేను కలిసి అట్టపెట్టెల యూనిట్ నడుపుతున్నాం. హైదరాబాద్‌లో ఒక తినుబండారాల కంపెనీకి అక్టోబరు, నవంబరు నెలల్లో మూడు లోడ్లు పంపాం. మూడు బిల్లులు కలిపి 4,60,000. ఆర్డరు కాగితంలో 30 రోజుల్లో డబ్బు ఇస్తామని రాశారు. ఇవ్వలేదు. తిరగ్గా తిరగ్గా జనవరి 12 తేదీ వేసి మొత్తానికి ఒక చెక్కు ఇచ్చారు. వాళ్ళు ఆగమంటే ఆగి, మార్చిలో బ్యాంకులో వేశాం. 23న ఖాతాలో డబ్బు లేదని తిరిగొచ్చింది.

స్టేషన్‌కు వెళ్తే "ఇది సివిల్ మ్యాటర్, కోర్టుకు పోండి" అన్నారు. చెక్ బౌన్స్ అంటే క్రిమినల్ అని కదా అందరూ చెప్పేది? ఇప్పుడు ఆ కంపెనీ వాళ్ళు ఫోన్ చేస్తే "మీ పెట్టెలు నాసిరకం, లోపల సరుకు పాడైంది" అని కొత్త పాట మొదలుపెట్టారు. పేపర్ మిల్లుకు మేమే బాకీ ఉన్నాం. నాన్నగారికి బీపీ. ఇంట్లో చాలా టెన్షన్‌గా ఉంది. తెలిసినవాళ్ళు చెప్పండి.

మిర్చియార్డు (మార్చి 26, రాత్రి)

తమ్ముడూ, కోర్టులంటే ఏళ్ళు పడుతుంది. నలుగురు కుర్రాళ్ళను వేసుకుని వాళ్ళ గోడౌన్‌కు వెళ్ళు. నీ పెట్టెలు మిగిలి ఉంటే లారీలో వేసుకుని వచ్చెయ్. నీ సరుకే కదా. వ్యాపారుల వాట్సాప్ గ్రూపుల్లో ఓనరు ఫొటో పెట్టి "దొంగ" అని రాయి. పరువు కోసమైనా దిగొస్తాడు.

బెజవాడ వకీలు (మార్చి 26, రాత్రి)

మిర్చియార్డు గారూ, మీరు ప్రేమతోనే చెప్పారు. కానీ ఆ అబ్బాయి అలా చేస్తే రేపటి నుంచి నిందితుడు అతనే అవుతాడు. అందుకే ముందు దీనికి జవాబు చెప్తాను.

సరుకు అప్పగించాక అది కొన్నవాడిది. డబ్బు రాలేదు కాబట్టి ఇంకా నాదే అనుకోవడం మన వ్యాపారుల్లో బాగా పాతుకుపోయిన పొరపాటు. 1930 నాటి వస్తువుల అమ్మకం చట్టం ప్రకారం, సరుకు ఇంకా మన చేతిలో ఉన్నంతవరకే డబ్బు రాలేదని దాన్ని ఆపుకునే హక్కు ఉంటుంది. లారీ వాళ్ళ గేటు దాటి సరుకు దించాక మనకు మిగిలేది ధర కోసం దావా వేసే హక్కు. ఇప్పుడు గోడౌన్‌లోకి చొరబడి పెట్టెలు తెస్తే అక్రమ ప్రవేశం, దొంగతనం అని కేసు పెడతారు. కుర్రాళ్ళను చూపించి బెదిరించి డబ్బు తీసుకుంటే బలవంతపు వసూలు, అంటే ఐపీసీ స్థానంలో వచ్చిన కొత్త న్యాయసంహితలో 308 సెక్షన్. మనకు బాకీ ఉన్న మాట నిజమైనా ఆ కేసులో మన వాదన తేలిపోతుంది.

ఇక అసలు సంగతి. పోలీసులు చెప్పిందీ తప్పు కాదు, మీరు విన్నదీ తప్పు కాదు. ఒకే బాకీ మీద చట్టం వేర్వేరు ప్రశ్నలు అడుగుతుంది. మాట తప్పారా? అది ఒప్పంద ఉల్లంఘన, సివిల్ దావా. ఒప్పందం ఉన్నా లేకపోయినా ఒకరికి అన్యాయంగా నష్టం చేశారా? అది టార్ట్, మన పుస్తకాల్లో అపకృత్యం అంటారు. అదీ సివిలే. సమాజం శిక్షించాల్సిన పని చేశారా? అది నేరం. చెక్ బౌన్స్ విచిత్రమైన కేసు. మూలం బాకీ, పోలిక సివిల్. కానీ చెక్కుల మీద నమ్మకం పోకూడదని 1988 చట్టంతో దాన్ని నేరం చేశారు, 1989 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం 138 సెక్షన్. దీనికి పోలీసులు ఎఫ్ఐఆర్ కట్టరు. మనమే మెజిస్ట్రేట్ దగ్గర ప్రైవేట్ కంప్లైంట్ వేయాలి. అందుకే మిమ్మల్ని పంపించేశారు.

ఆటోనగర్ అబ్బాయి (మార్చి 26, రాత్రి)

సార్, మరి 420 కేసు? చీటింగే కదా ఇది?

బెజవాడ వకీలు (మార్చి 27, పొద్దున)

ఇప్పుడది న్యాయసంహిత 318(4), 2024 జూలై 1 నుంచి. చీటింగ్ కావాలంటే సరుకు తీసుకునే రోజే ఎగ్గొట్టాలన్న ఉద్దేశం ఉండాలి. మొదట్లో మంచి ఉద్దేశంతోనే తీసుకుని, తర్వాత డబ్బు లేక ఇవ్వకపోతే అది మోసం కాదు, బాకీ. సుప్రీంకోర్టు 2000లో హృదయ రంజన్ ప్రసాద్ వర్మ కేసులో ఈ గీత స్పష్టంగా గీసింది. 2024లో ఢిల్లీ రేస్ క్లబ్ కేసులో మరో మాట కూడా చెప్పింది: అమ్మిన సరుకు డబ్బు ఇవ్వకపోతే నమ్మకద్రోహం నేరం కిందికి రాదు, ఎందుకంటే అమ్మడం అంటే అప్పగించి దాచమనడం కాదు. మీ కంపెనీ వాళ్ళు అంతకుముందు మీ దగ్గర కొని డబ్బు కట్టారా?

ఆటోనగర్ అబ్బాయి (మార్చి 27, పొద్దున)

కట్టారు సార్. రెండేళ్ళుగా కొంటున్నారు. ఆలస్యంగానైనా ఇచ్చేవారు.

బెజవాడ వకీలు (మార్చి 27, పొద్దున)

అయితే చీటింగ్ కేసు నిలబడటం కష్టం. అటు వెళ్ళకండి. 138 వైపు చూద్దాం. ఇక్కడ తేదీలే ప్రాణం. చెక్కు మీద ఉన్న తేదీ నుంచి 3 నెలల్లోపు బ్యాంకులో వేయాలి, మీరు వేశారు. తిరిగొచ్చిందని బ్యాంకు నుంచి తెలిసిన 30 రోజుల్లో రాతపూర్వకంగా నోటీసు పంపాలి. అది అందిన రోజు నుంచి వాళ్ళకు 15 రోజులు గడువు. అప్పటికీ ఇవ్వకపోతే ఆ తర్వాత ఒక నెలలోపు కోర్టులో కంప్లైంట్ వేయాలి. నేరం రుజువైతే 2 ఏళ్ళ వరకు జైలు, లేదా చెక్కు మొత్తానికి రెండింతల వరకు జరిమానా, లేదా రెండూ. మీ ఖాతా విజయవాడ బ్రాంచిలో ఉంటే కేసు విజయవాడలోనే. 2015 సవరణ తర్వాత ఆ ఇబ్బంది తీరిపోయింది, హైదరాబాద్ తిరగనక్కర్లేదు.

కంపెనీ చెక్కు కాబట్టి నోటీసు కంపెనీకీ, సంతకం పెట్టిన డైరెక్టరుకూ వెళ్ళాలి. కేసులో కంపెనీని చేర్చకుండా డైరెక్టరు ఒక్కడినే పెడితే కొట్టేస్తారు. 2012లో అనీతా హడా కేసులో తేల్చేశారు.

ఖాతా పుస్తకం (మార్చి 27, మధ్యాహ్నం)

వరంగల్ నుంచి. నేను అకౌంట్స్ చూస్తాను. లాయరు గారు చెప్పింది అంతా సరే. కానీ అబ్బాయి, ఒక్క ప్రశ్న. చెక్కు తీసుకున్నాక, బ్యాంకులో వేసేలోపు వాళ్ళు ఏమైనా డబ్బు ఇచ్చారా? ఫోన్‌పేలో గానీ, చేతికి గానీ? నీ లెడ్జర్ చూసి చెప్పు.

ఆటోనగర్ అబ్బాయి (మార్చి 27, సాయంత్రం)

ఇచ్చారు అన్నా. ఫిబ్రవరి 20న 60,000 ఫోన్‌లో పంపారు. మిగతాది 4,00,000. చెక్కు మాత్రం 4,60,000కే వేశాం. నోటీసులో 4,00,000 అని రాద్దాం అనుకున్నాను. తప్పా?

బెజవాడ వకీలు (మార్చి 27, రాత్రి)

ఖాతా పుస్తకం గారూ, మీకు దండం. ఈ ప్రశ్న నేనే మొదట అడగాల్సింది.

బాబూ, ఇది చాలా ముఖ్యం, నిదానంగా చదువు. 2022లో దశరథ్‌భాయ్ త్రికంభాయ్ పటేల్ కేసులో సుప్రీంకోర్టు ఇదే చెప్పింది. చెక్కు ఇచ్చాక కొంత డబ్బు కడితే, ఆ సంగతి చెక్కు మీద రాసి, మిగిలినదానికే చెక్కు వేయాలి. అలా రాయకుండా పూర్తి మొత్తానికి వేస్తే, ఆ రోజుకు అంత బాకీ చట్టప్రకారం లేదు కాబట్టి 138 నేరమే అవదు. నోటీసులో 4,60,000 అడిగితే అంత బాకీ లేదంటారు. 4,00,000 అడిగితే చెక్కు మొత్తం వేరు, నోటీసు మొత్తం వేరు అంటారు. నోటీసులో అడిగే మొత్తం చెక్కు మొత్తంతో సరిపోవాలని, టైపింగ్ పొరపాటైనా చెల్లదని 2025 సెప్టెంబరులో సుప్రీంకోర్టు తేల్చింది. అంటే ఈ చెక్కుతో ఈ రిటర్న్ మీద ఎటు పంపినా ఇరుక్కుంటావు.

ఖాతా పుస్తకం (మార్చి 27, రాత్రి)

ఆగండి సార్. ఆ 60,000 ఈ చెక్కుకే వచ్చిందా, వేరే పాత బాకీకా? వేరే బిల్లు ఉండి, కట్టినవాడు దేనికో చెప్పకపోతే, తీసుకున్నవాడు తనకు ఇష్టమైన బాకీకి జమ వేసుకోవచ్చని కాంట్రాక్టు చట్టంలోనే ఉంది కదా? 60 సెక్షన్ అనుకుంటా. మా దగ్గర ఒక కేసు ఆ ఒక్క లెడ్జర్ పేజీతో నిలబడింది.

బెజవాడ వకీలు (మార్చి 27, రాత్రి)

60 సెక్షనే. ఇక్కడ అసలు ప్రశ్న అదే. అబ్బాయి, డబ్బు పంపిన రోజు వాళ్ళు ఏమైనా మెసేజ్ పెట్టారా? దేనికని రాశారు?

ఆటోనగర్ అబ్బాయి (మార్చి 28, పొద్దున)

చూశాను సార్. "60 పంపాం, చెక్కులో తగ్గించుకోండి, మిగతాది మార్చిలో" అని ఉంది. వేరే పాత బిల్లు కూడా ఏమీ లేదు. నాన్నగారు లెడ్జర్‌లో రాసినప్పుడు కూడా ఈ మూడు బిల్లుల్లోనే తగ్గించారు.

బెజవాడ వకీలు (మార్చి 28, పొద్దున)

అయితే 59 సెక్షన్. కట్టేవాడు దేనికో చెప్పి కడితే దానికే జమ. నిజాయితీగా చెప్పినందుకు సంతోషం. వేరే బిల్లు ఉన్నట్టు ఇప్పుడు పుట్టించాలని ఎవరైనా సలహా ఇస్తే వినకు. క్రాస్‌లో, అంటే వాళ్ళ లాయరు నిన్ను ప్రశ్నించేటప్పుడు, జీఎస్టీ రిటర్నులు తీసి ముందు పెడతారు.

అయినా దారి మూసుకుపోలేదు. చెక్కు తేదీ జనవరి 12. ఏప్రిల్ 11 దాకా ప్రాణం ఉంది. గడువులో ఉన్న చెక్కును మళ్ళీ వేయవచ్చు, ఆ రిటర్న్ మీద కొత్తగా నోటీసు ఇవ్వవచ్చు. 2012లో ఎంఎస్ఆర్ లెదర్స్ తీర్పు తర్వాత దీనిపై అనుమానం లేదు. చెక్కు మీద "60,000 ముట్టింది" అని రాసి 4,00,000కు వేయాలి. కానీ సీటీఎస్ క్లియరింగులో, అంటే చెక్కు స్కాన్ బొమ్మ చూసి పాస్ చేసే పద్ధతిలో, దిద్దుబాట్లు కనిపిస్తే బ్యాంకులు తీసుకోవు. వెళ్ళి మేనేజర్‌తో ముందే మాట్లాడు. ఇంతకన్నా శుభ్రమైన దారి, పాత చెక్కు తిరిగి ఇచ్చి 4,00,000కు కొత్త చెక్కు తీసుకోవడం. అయితే కొత్తది చేతికి వచ్చేదాకా పాతది ఇవ్వకు.

వైజాగ్ లా అమ్మాయి (మార్చి 28, మధ్యాహ్నం)

సార్, నేను లా మూడో సంవత్సరం. రెండు విషయాలు కలపాలనిపించింది.

ఒకటి, ఫొటో పెట్టి దొంగ అని రాయమన్నారు కదా. అది పరువు నష్టం. సివిల్‌లో టార్ట్ కింద నష్టపరిహారం దావా వేయవచ్చు, ఒక సంవత్సరం గడువు. న్యాయసంహిత 356 కింద నేరం కూడా. నిజమైతే తప్పు కాదా అంటే, క్రిమినల్ వైపు నిజం ఒక్కటే చాలదు. అది అందరి మేలు కోసం చెప్పినదై ఉండాలి. డబ్బు ఇవ్వని వాడు అని చెప్పడానికీ, దొంగ అనడానికీ చాలా తేడా ఉంది.

రెండోది, "పెట్టెలు నాసిరకం" అన్న మాట. ఒప్పందం లేనివాళ్ళ పట్ల కూడా తయారీదారుకు బాధ్యత ఉంటుందని 1932లో ఇంగ్లండు హౌస్ ఆఫ్ లార్డ్స్ చెప్పింది. స్కాట్లండులో ఒకామె తాగిన జింజర్ బీరు సీసాలో నత్త వచ్చిందన్న కేసు. ఆ సీసా కొన్నది ఆమె కాదు, స్నేహితురాలు. అక్కడి నుంచే నిర్లక్ష్యం అనే టార్ట్ ఇంత పెద్దదైంది. మన దగ్గర 2019 వినియోగదారుల చట్టంలో వస్తువుల లోపాలకు తయారీదారు బాధ్యత అని విడిగా ఒక అధ్యాయమే ఉంది. మీ పెట్టె చిరిగి తినేవాళ్ళకు హాని జరిగితే అది ఒక సంగతి. కానీ ఆర్డరు ఇచ్చిన కంపెనీ చెప్పేది వేరు, అది ఒప్పందం లోపలి తగాదా.

ఒకే సంఘటన సివిల్, క్రిమినల్ రెండూ అవుతుందనడానికి మా విశాఖలోనే ఉదాహరణ ఉంది. 2020 మే 7న ఎల్‌జీ పాలిమర్స్‌లో స్టైరీన్ లీకై 12 మంది చనిపోయారు. పోలీసు కేసు ఒకవైపు నడిచింది. మరోవైపు జాతీయ హరిత ట్రిబ్యునల్ మర్నాడే 50 కోట్లు జమ చేయమంది. శిక్ష ఒక ప్రశ్న, పరిహారం ఇంకో ప్రశ్న. ఒకదాని కోసం ఇంకొకటి ఆగలేదు.

బెజవాడ వకీలు (మార్చి 28, సాయంత్రం)

బాగా చెప్పావమ్మా. పెట్టెల విషయంలో ఇంకొకటి. సరుకు తీసుకుని, తగినంత సమయం దాటినా బాగాలేదని చెప్పకుండా ఉంచుకుంటే, అంగీకరించినట్టే. వస్తువుల అమ్మకం చట్టం 42 సెక్షన్. లోపం ఉందని రుజువు చేసుకుంటే ధరలో తగ్గింపు అడగవచ్చు గానీ, మొత్తం బాకీ లేదనలేరు. వాళ్ళు నవంబరు నుంచి చెక్కు తిరిగొచ్చేదాకా ఒక్క మెయిల్ అయినా పెట్టారా?

ఆటోనగర్ అబ్బాయి (మార్చి 28, సాయంత్రం)

లేదు సార్. పైగా డిసెంబరులో ఇంకో ఆర్డరు ఇస్తామని మెసేజ్ పెట్టారు. పాత డబ్బు రానిదే పంపం అన్నాం.

బెజవాడ వకీలు (మార్చి 28, సాయంత్రం)

ఆ మెసేజ్ బంగారం. చెరిపేయవద్దు, ఫోన్ మార్చవద్దు. వాట్సాప్ సాక్ష్యంగా పెట్టాలంటే కొత్త సాక్ష్య చట్టం 63 సెక్షన్ కింద సర్టిఫికెట్ కావాలి, స్క్రీన్‌షాట్ ప్రింటు ఒక్కటే చాలదు. మూడు బిల్లులు, ఈ-వే బిల్లులు, సరుకు ముట్టిందని వాళ్ళ స్టాంపు ఉన్న చలానాలు, ఒరిజినల్ చెక్కు, రిటర్న్ మెమో అన్నీ ఒక ఫైల్లో పెట్టు.

ఖాతా పుస్తకం (మార్చి 28, రాత్రి)

అబ్బాయి, ఉద్యం రిజిస్ట్రేషన్, అంటే చిన్న పరిశ్రమగా ప్రభుత్వం దగ్గర నమోదు, ఉందా? ఎప్పుడు చేశారు?

ఆటోనగర్ అబ్బాయి (మార్చి 28, రాత్రి)

2021లో చేశాం అన్నా. చిన్న సంస్థ కింద ఉంది.

ఖాతా పుస్తకం (మార్చి 28, రాత్రి)

అయితే నీకు అందరికీ లేని దారి ఉంది. కొని అమ్మే వ్యాపారులకు ఇది వర్తించదు, నువ్వు తయారుచేసేవాడివి కాబట్టి వర్తిస్తుంది. 2006 ఎంఎస్ఎంఈ చట్టం ప్రకారం సూక్ష్మ, చిన్న సంస్థలకు కొన్నవాళ్ళు ఒప్పుకున్న గడువులోపు కట్టాలి, ఎంత ఒప్పందం ఉన్నా 45 రోజులు దాటకూడదు. దాటితే రిజర్వు బ్యాంకు బ్యాంక్ రేటుకు 3 రెట్లు, నెలనెలా చక్రవడ్డీ. ఆన్‌లైన్‌లో దరఖాస్తు పెడితే, ఇలాంటి బాకీలు తేల్చే మీ రాష్ట్ర కౌన్సిల్ ముందుకే వస్తుంది, కొన్నవాడు దేశంలో ఎక్కడున్నా సరే. ముందు రాజీ ప్రయత్నం, కుదరకపోతే ఆర్బిట్రేషన్, అంటే కోర్టు బయట మధ్యవర్తి ఇచ్చే తీర్పు. ఆ తీర్పు మీద వాళ్ళు కోర్టుకు వెళ్ళాలంటే 75 శాతం ముందే కట్టాలి.

ఈ వారంలో నీ చేతిలో ఇంకో ఆయుధం ఉంది. ఆదాయపు పన్ను చట్టం ప్రకారం ఇలా గడువు దాటిన బాకీని ఈ నెల 31 లోపు కట్టకపోతే, వాళ్ళు ఈ ఏడాది ఖర్చుల్లో దాన్ని చూపించుకోలేరు. అంటే 4,00,000 మీద అదనంగా పన్ను. ఓనరుకు కాదు, వాళ్ళ అకౌంటెంట్‌కు ఉద్యం సర్టిఫికెట్ జతచేసి మర్యాదగా మెయిల్ పెట్టు. ఏటా మార్చిలో నేను ఇదే చేయిస్తాను.

పాత శిరస్తాదారు (మార్చి 29, పొద్దున)

కోర్టులో ముప్పై ఏళ్ళు పనిచేసి రిటైరయ్యాను. కాగితాలు ఎలా నడుస్తాయో చెప్తాను నాయనా, ఎందుకంటే చట్టం చదివినవాళ్ళకు కూడా కొత్తలో తెలియనిది ఇదే.

చెక్కు కేసులో కంప్లైంటుతో పాటు ప్రమాణ పత్రం ఇస్తావు. మెజిస్ట్రేట్ గారు చూసి నంబరు ఇచ్చి సమన్లు పంపుతారు. అసలు ఆలస్యం ఇక్కడే. తలుపు తాళం, చిరునామా మారింది, తీసుకోలేదు అంటూ సమన్లు తిరిగొస్తుంటాయి. నోటీసు రోజు నుంచే కంపెనీ రిజిస్టర్డ్ ఆఫీసు, డైరెక్టరు ఇల్లు రెండు చిరునామాలకూ రిజిస్టర్డ్ పోస్టులో పంపు, రసీదులు దాచు. వాళ్ళు హాజరై బెయిలు తీసుకుంటారు, ఇది బెయిలు ఇచ్చే కేసే. నేరం ఒప్పుకోకపోతే, విచారణ సాగుతుండగానే చెక్కు మొత్తంలో 20 శాతం వరకు మధ్యంతర పరిహారం అడగవచ్చు, 2018లో వచ్చింది. తర్వాత నీకు క్రాస్. సంతకం వాళ్ళదే అని తేలితే బాకీ ఉందని కోర్టు అనుకుంటుంది. లేదని నమ్మదగ్గ కారణం చూపే భారం వాళ్ళది. చట్టంలో 6 నెలల్లో ముగించడానికి ప్రయత్నించాలని ఉంది. నా అనుభవంలో అంత తొందరగా అయినవి వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు.

సివిల్ వైపు, 3 లక్షలు దాటిన వ్యాపార తగాదా కాబట్టి కమర్షియల్ కోర్టు. అర్జెంటు ఉత్తర్వు అవసరం లేకపోతే ముందు జిల్లా న్యాయసేవాధికార సంస్థ దగ్గర మీడియేషన్‌కు వెళ్ళాలి. 2022లో పాటిల్ ఆటోమేషన్ తీర్పు తర్వాత ఇది తప్పనిసరి. వెళ్ళకుండా వేసిన దావాను తిరస్కరిస్తారు. బాకీ దావాకు గడువు 3 ఏళ్ళు. నీకు సమయం ఉంది. ఫిబ్రవరి మెసేజ్ లాంటిది బాకీ ఒప్పుకున్నట్టు కాబట్టి దాన్ని జాగ్రత్త చేయి.

చీరాల చేనేత (మార్చి 29, మధ్యాహ్నం)

నా మాట కూడా వినండి. నేను చీరలు అప్పు మీద ఇచ్చి, ఒక దుకాణం మీద దావా వేసి గెలిచాను. డిక్రీ వచ్చిన రోజు స్వీట్లు పంచాం. తర్వాత తెలిసింది, డిక్రీ వస్తే డబ్బు వచ్చినట్టు కాదని. ఈపీ, అంటే డిక్రీ అమలు చేయమని మళ్ళీ పిటిషన్, వేయాలి, వాళ్ళ ఆస్తి ఎక్కడుందో మనమే వెతికి చెప్పాలి. నాకు ఆ వెతుకులాటకే రెండేళ్ళు పట్టింది. చివరికి లోక్ అదాలత్‌లో కొంత తగ్గించుకుని రాజీ పడ్డాను. అక్కడ తీర్పుకు అప్పీలు లేదు, డబ్బు మూడు వాయిదాల్లో వచ్చింది. ఆ తగ్గించుకున్న డబ్బు కన్నా, ఆ రోజు రాత్రి పట్టిన నిద్రే నాకు ఎక్కువ. వాళ్ళ బ్యాంకు ఖాతా నంబరు, జీఎస్టీ నంబరు, గోడౌన్ సొంతమా అద్దెదా, ఇప్పుడే రాసి పెట్టుకో తమ్ముడూ.

మిర్చియార్డు (మార్చి 29, సాయంత్రం)

వకీలు గారూ, నా మాట వెనక్కి తీసుకుంటున్నాను. మా యార్డులో కుర్రాళ్ళను పంపే పద్ధతి చూస్తూ పెరిగాం, దాని మీద కేసు అవుతుందని ఆలోచించలేదు. తమ్ముడూ, హైదరాబాద్‌లో మధ్యవర్తిగా మాట్లాడాలంటే మా మిత్రుడు ఉన్నాడు, మర్యాదగా మాట్లాడతాడు. కావాలంటే చెప్పు.

ఆటోనగర్ అబ్బాయి (ఏప్రిల్ 4, రాత్రి)

అందరికీ చేతులెత్తి నమస్కారం. మార్చి 30న వాళ్ళ అకౌంట్స్ వాళ్ళకు ఉద్యం సర్టిఫికెట్‌తో మెయిల్ పెట్టాను. 31 సాయంత్రం 1,50,000 బ్యాంకులో పడింది. మర్నాడు వాళ్ళ మేనేజరే ఫోన్ చేసి మిగతా 2,50,000కు ఏప్రిల్ 20 తేదీతో కొత్త చెక్కు పంపారు, ఇప్పుడు చేతిలో ఉంది. పాత చెక్కు తిరిగి ఇచ్చి, వెనక్కి ముట్టిందని వాళ్ళతో రాయించుకున్నాను. నాసిరకం మాట మళ్ళీ ఎత్తలేదు.

వకీలు గారూ, ఈ కొత్త చెక్కు మీద మధ్యలో ఎంత పంపినా తీసుకోవద్దా?

బెజవాడ వకీలు (ఏప్రిల్ 4, రాత్రి)

డబ్బు ఇస్తే తీసుకో, వద్దనకు. కానీ తీసుకున్న రోజే మిగిలినదానికి ఇంకో చెక్కు అడుగు. ఏప్రిల్ 20న తిరిగొస్తే మెమో తీసుకుని అదే రోజు నాకు ఫోన్ చెయ్.